పోలికయు జుట్టరికమును

జీవరాశుల వర్గీకరణమును గూర్చి తెలుగున వ్రాయువారు తరచుగా నొక బొమ్మను దెచ్చి చదువరుల ముందు నిలుపుదురు. అడుగున నొక పురుగు, దానిమీద చేప, దానిమీద కప్ప, ఆ పైని బల్లి, ఆ పైని కోతి, తుదిమెట్టున నిటారుగా నిలిచిన మనుష్యుడు. ఇదియే పరిణామవాదమని పిల్లలకు జెప్పుదురు. మా దృష్టికి ఈ బొమ్మ జాగరణపు రాత్రులందు మన యిండ్లలో బరచుకొని యాడు పరమపదసోపానపటమునకు జ్ఞాతియే గాని డార్విను పండితుని మతమునకు గాదు. 1859వ సంవత్సరమున వెలువడిన యాయన మహాగ్రంథమున నున్న పట మొక్కటే. అందు నిచ్చెన లేదు. కొమ్మలు కొమ్మలుగా జీలిన గీతలు గలవు. కొన్ని గీతలు నడుమనే తెగిపోయినవి. తెగక పైదాక వచ్చిన కొనలన్నియు నొక్క యెత్తుననే యాగినవి. కప్ప యొక కొన, కాకి యొక కొన, మనము నొక కొన. ఎవరును మరియొకరికి మెట్టు గారు.

ఈ భేదమును చిన్నదిగా నెంచువారు గలరు. నిచ్చెన యైన నేమి, చెట్టైన నేమి, పిల్లలకు విషయము దెలిసిన జాలదా యని యడుగుదురు. చాలదని చూపుటకే మేమీ వ్యాసమునకు బూనుకొంటిమి. ఇందులకు దూరదేశముల కేగ నక్కరలేదు. కర్నూలు కడప మండలముల రాళ్లును, ఎముకలును, పక్షులును జాలును.

మొదట మన వాడుకపేర్ల మాట. ఇంటను, అడవిలోను జంతువులకును జెట్లకును మనవారు పెట్టుకొన్న పేర్లును ఒక విధమగు వర్గీకరణమే. అవి మూఢుల పేర్లని త్రోసిపుచ్చు విద్యావంతులతో మేమేకీభవింపము. ఏదుపంది నేలను ద్రవ్వును, గుఱ్ఱుమనును, వేటకానికి మాంసము నిచ్చును. కావున వానికది పందియే. వానికి గావలసినది వేట, వంట, వంశవృక్షము గాదు. జంతుశాస్త్రవేత్త దాని నోరు తెరచి, యెన్నడును ఎదుగుట మానని ముందరి కొరుకుడుపండ్లను జూచి, ఎలుకయు నుడుతయు నున్న వరుసలో దానిని నిలుపును. కడప మండలపు ముండ్లపొదలలో రాత్రివేళ నేలపై బరుగిడు పక్షికి మనవారు కలివికోడి యని పేరిడిరి. అది కోడి కులమున జేరదు. తీతువునకును, సముద్రతీరముల దిరుగు కొన్ని పక్షులకును జ్ఞాతి. జెర్డను దొర కనుగొన్న యీ పక్షిని 1848లో బ్లిత్ పండితుడు శాస్త్రమున కెక్కించెను. 1900 తరువాత నెనుబదియైదు సంవత్సరములకు బైగా దాని జాడ శాస్త్రజ్ఞులకు దొరకలేదు. 1986 జనవరిలో లంకమల కొండల చెంత రెడ్డిపల్లెకడ బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమువారగు భరత్ భూషణ్ గారికది మరల దొరకినప్పుడు తోడ్పడినవారు కలివికోడి యను పేరెరిగిన స్థానిక వేటగాండ్రే. లాటిను పేరు దాని చుట్టాల నెరుగును. తెలుగు పేరు దాని యిల్లెరుగును. ఒకదాని పని మరియొకటి చేయజాలదు.

ఎర్రచందనము కథ యింతకంటె రుచికరము. శేషాచల, పాలకొండ, లంకమల శ్రేణులలో బెరుగు నీ వృక్షమును మనము చందనమంటిమి; శ్రీగంధమును జందనమే యంటిమి. రెండును దేవతార్చనకు వచ్చును, రెంటిని సానపై నరగదీయుదుము, రెండును మిక్కిలి వెలగలవి. కాని పువ్వును, కాయను బట్టి చూచినచో ఎర్రచందనము మన వంటింటి పప్పుడబ్బాల బంధువు. కంది, సెనగ, వేరుసెనగ, గానుగ, వేగిస దాని వంశమువారు. శ్రీగంధపు చెట్టో, వేళ్లతో బొరుగు చెట్ల వేళ్లను బట్టి వాని సారమును బీల్చి బ్రదుకు వేరొక వంశమునకు జెందినది. 1781లో రెండవ లిన్నేయసు ఎర్రచందనమునకు శాస్త్రనామమొసగుచు, ఇంటిపేరును వేగిస వంశముతో గలిపి, సొంతపేరును మాత్రము చందనము నుండి తీసికొనెను. పోలికకు సొంతపేరున జోటు, చుట్టరికమునకు నింటిపేరున జోటు. ఇంత చక్కని పరిష్కారమును జూచి మేము ముచ్చటపడితిమి.

ఇక జుట్టరికమును దెలియుట యెట్లు? ఇచట సాహిత్యప్రియులగు మా చదువరులకు జీవశాస్త్రజ్ఞులకంటె ముందే పరిచితమైన మార్గమొకటి గలదు. బ్రౌను దొర కడపలో నున్న కాలమున బంగళా కొని, పండితులను గూర్చి, నలుదెసల నుండి తాళపత్రప్రతులను దెప్పించి యొకదానితో నొకటి సరిచూపించెను. వేమన పద్యములకు 1829లో నాయన ప్రకటించిన సంపుట మట్టి శ్రమఫలము. ప్రతులను సరిచూచువారికి దెలిసిన రహస్యమిది: రెండు ప్రతులలో సరియైన పాఠమొక్కటిగా నుండుట వాని చుట్టరికమునకు సాక్ష్యము గాదు, సరియైన పాఠము మూలము నుండి యెల్లవారికిని రావచ్చును. రెంటను ఒకేచోట నొకే వింతతప్పు కనబడెనా, ఆ రెండును తప్పుగల యొక్క ప్రతి నుండి పుట్టినవని నిశ్చయింపవచ్చును. బ్రౌను పండితులీ సూత్రమును నియమముగా బాటించిరని మేమనము. వారు తమకు మేలని తోచిన పాఠమును గ్రహించిరి. యూరపుఖండమున లాహ్మన్ మొదలగు పరిష్కర్తలు దీనిని శాస్త్రముగా బెంచిరి.

1950లో హెన్నిగ్ అను జర్మను కీటకశాస్త్రజ్ఞుడు జీవవర్గీకరణమునకు జెప్పిన సూత్రము ముమ్మాటికి నిదియే. పురాతనపు పోలికలు లెక్కకు రావు. నడుమ గ్రొత్తగా బుట్టి కొందరికి మాత్రమే సంక్రమించిన లక్షణములే దగ్గరి చుట్టరికమును జూపును. బల్లికిని ఎద్దునకును నాలుగు కాళ్లున్నవి గాన నవి దగ్గరివారనుట, ఇద్దరికి దెలుగు మాతృభాష యగుటచే వారన్నదమ్ములనుట వంటిది.

తప్పుల సాక్ష్యమునకు మన వంటింటనే యొక నిదర్శనము గలదు. ఉసిరికయు నిమ్మయు మనకేల కావలయును? మేకయు, ఆవును, కుక్కయు విటమిన్ సి అను ద్రవ్యమును దమ దేహమునందే తయారు చేసికొనును. దానికి వలసిన జన్యువు మన దేహమునను గలదు గాని చెడిపోయిన వాక్యమువలె నర్థము లేక పడియున్నది. కోతులలోను, తోకలేని వానరములలోను అదే జన్యువు చెడియున్నది. చెడిన తీరును ఒక్కటే. ప్రయోగశాలలలో బెంచు గినీపిగ్గులోను ఆ జన్యువు చెడినది గాని యా చెడుట వేరు తీరుది. కావున మనకును కోతికిని నడుమ నొక పూర్వప్రతి యుండెను; గినీపిగ్గు వ్రాయసకాడు తన తప్పు తాను వేరుగ జేసికొనెను. పరిణామవాదమును నమ్మవలెనా యని మాతో వాదించు పెద్దలకు మేము తరచుగా జెప్పు నిదర్శనమిది. ఇంతవరకెవ్వరును దీనికి సమాధానము చెప్పలేదు. మాట మార్చినవారు గలరు.

ఈ గీటురాయిని జేతబట్టుకొని, మన సీమ పేరు శాస్త్రలోకమున కెక్కించిన గ్రంథమొక దానిని బరీక్షింతము. బేతంచెర్ల చెంత సున్నపురాతి గుట్టలలో బిల్లసర్గమని పిలువబడు గుహలు గలవు. బిలసొరంగమను మాటయే యింగ్లీషు లిపిలో నలిగి యట్లయినదని మాకు దోచుచున్నది. 1844లో న్యూబోల్డు అను సైనికోద్యోగి యచటి ఎముకలను గూర్చి ప్రకటించెను. 1883 మొదలు రాబర్టు బ్రూస్ ఫుట్ గారును, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ గారును ఆ గుహలను ద్రవ్వించిరి. తండ్రి సామాన్యుడు గాడు. 1863లో పల్లావరమున నాదిమానవుని రాతిపనిముట్టును గుర్తించి మన దేశపు పూర్వచరిత్రకు దలుపు తెరచినవాడు. గుహల యరలకు కెథీడ్రల్ అనియు, పర్గటరీ అనియు, చార్నెల్ హౌస్ అనియు గ్రైస్తవ దేవాలయపు పరిభాషలో బేర్లిడిరి. ఆ చుట్టుపట్ల పసులు గాచువారు వానినేమని పిలుచుచుండిరో వ్రాసియుంచిన మనకు మరింత మేలగుచుండెను.

ఆ ఎముకలను బరిశీలించి రిచర్డు లిడెకర్ పండితుడు 1886లో ‘కర్నూలు గుహల జంతుజాలము’ అను నిబంధమును భారత భూగర్భశాఖవారి గ్రంథమాలలో బ్రకటించెను. గుణము ముందు చెప్పుట న్యాయము. ఎలుకల దవుడలు, గబ్బిలముల ఎముకలు మొదలుకొని పెద్దపులి, ఎలుగు, కణుజు, దుప్పి, నీలుగాయి వరకు నాయన యేదియు విడువలేదు. పెద్ద ఎముకలనే యేరి చిన్నవానిని బారవైచు నాటి సామాన్యపద్ధతిని జూచినచో నిది గొప్ప గుణము. కర్నూలు పేరాయన కలమున లాటిను విశేషణమై ఖడ్గమృగమున కొకదానికి, అడవిపంది కొకదానికి, పునుగుపిల్లి కొకదానికి నంటుకొన్నది. మండలము పేరు మృగముల పేరున జేరుట జూచి మనవారు సంతోషింతురు. మేమును మొదట సంతోషించినవారమే.

కాని విమర్శకునకు సంతోషము చాలదు. చినిగిన తాటాకు తునక దొరికిన మాత్రమున క్రొత్త కావ్యము దొరకెనని చాటుట యెట్టిదో, స్వల్పమగు ఎముకల నాధారముచేసికొని యొక క్రొత్త జాతిని స్థాపించుట యట్టిది. పంటికిని పంటికిని నడుమ వయసు భేదముండును, ఆడుమగల భేదముండును, మేతవలని యరుగుదల యుండును. ఇది మొదటి లోపము. రెండవది మరింత లోతైనది. ఆ ఎముకలలో నాఫ్రికాఖండపు జంతువులను బోలినవి పెక్కు గలవని లిడెకర్ తలచెను: బబూన్ జాతి కోతి, మచ్చల దుమ్ములగొండి, గాడిద, ఆఫ్రికాలోని పెద్ద యలుగు. దానిపై నాడు మన సీమకును ఆఫ్రికాకును గాఢమగు జంతుసంబంధ ముండెనని యూహించెను. ఊహ సాహసోపేతము, సుందరము. కాని యిందు నిర్ణయించినది పోలిక, ప్రకటించినది చుట్టరికము. రెంటి నడుమ దాటవలసిన యేరు దాటబడలేదు. ఎముకల వయసును గొలుచు సాధనములే నాడు లేవు గనుక లిడెకరును నిందింపము. ఆయన పట్టికను నూరేండ్ల తరువాతను గీటురాయిపై బెట్టక యెత్తివ్రాసినవారిని మాత్రము నిందింపవలసియున్నది.

ఆ పట్టికలోని రెండు జంతువులు ప్రత్యేకముగా జెప్పదగినవి. దుమ్ములగొండి చూపునకు గుక్క. నడక, మోర, కాపలా యన్నియు గుక్కవే. చెవిలోని ఎముకపెట్టెను, జన్యులిపిని జదివినవారికి నది పిల్లి పునుగు ముంగిసల పక్షమువాడు. దుమ్ము లనగా నెముకలు. వానిని గొరుకునది దుమ్ములగొండి. మనవారు పేరును వృత్తినిబట్టి పెట్టిరి గాని కుక్క యనలేదు, అది మెచ్చదగినది. పైగా గుహలలోని కెముకలు చేరుటలో దుమ్ములగొండికిని ఏదుపందికిని చేయి గలదు; ఒకటి తినుటకు దెచ్చును, ఒకటి పండ్లరుగుటకు గొరుకును. కావున గుహలో నెముకలున్నంత మాత్రమున నా జంతువులన్నియు నందు గాపురముండెనని యనుకొనరాదు.

అలుగు కథ యింకను వింత. ఒడలెల్ల పొలుసులు, నోట బండ్లు లేవు, పొడవైన నాలుక, చీమలు చెదలు ఆహారము. పూర్వపు పండితులు దక్షిణామెరికాలోని చీమలుతిను జంతువులతోను, కవచము గల ఆర్మడిల్లోతోను గలిపి ‘దంతహీనులు’ అను నొక వర్గమున దానిని గూర్చుండబెట్టిరి. పండ్లు లేమి యను నొక్క సామ్యమునకు లోబడి యొకే పంక్తిని గూర్చుండినవారు నిజముగ దూరపువారు. చీమలు తినువానికి పండ్లక్కరలేదు. అవసరము లేని యవయవము వేర్వేరు వంశములందు వేర్వేరుగ నశించును. జన్యులిపిని సరిచూచిన పిదప, నల్లమలలో దిరుగు నలుగునకు దగ్గరిబంధువులు మన పెరటి కుక్కయు బిల్లియు నున్న మాంసాహారుల వర్గమని తేలినది. ఎవరును గన్నుతో జూచి యూహింపజాలని మాట యిది. కంటికి దోచినదే శాస్త్రమనువారికిట్టి నిదర్శనములు మిక్కిలి యవసరములు.

బిల్లసర్గమునకు శాస్త్రజ్ఞులు మరల వచ్చిరి. పొరలను గొలిచి, వానికి వయసు కట్టి, పాట్రిక్ రాబర్ట్సు మొదలగువారు 2014లో బ్రకటించిన ఫలితము లిడెకర్ చిత్రమును జాల మార్చినది. వారు గుర్తించిన క్షీరదజాతులు 21. అందు 20 కనీసము లక్షసంవత్సరముల నుండి, కొన్ని రెండులక్షల సంవత్సరముల నుండియు ఈ యుపఖండమున నిలిచి నేటికిని గలవు. కొన్ని చోటు మార్చుకొన్నవి. అమెరికాలోను ఆస్ట్రేలియాలోను పెద్దజంతువులు మూకుమ్మడిగా నశించిన కాలమునను ఇచటివి వానలు తగ్గినను, మనుష్యుడు వచ్చినను, తునకలైన యడవులలో నెట్లో తలదాచుకొన్నవి. మిగిలిన యా యొక్కటి గెలాడా కోతి వంశమునది. నేడా వంశము ఇథియోపియా మిట్టలలో మాత్రమే మిగిలినది. అనగా లిడెకరు చెప్పిన ఆఫ్రికా మాటలో సత్యలేశము లేకపోలేదు. ఆ కోతియొక్కటి యాయన పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది.

ఇచట మా విమర్శనము లిడెకర్ నుండి మనమీదికి మరలుచున్నది. లక్షయేండ్లు నిలిచిన యిరువది జాతులు మన కాలమున నిలుచునా యనునది బేతంచెర్ల నాపరాతితో నిండ్ల కడపరచుకొనుచున్న మనమందరము నడుగదగిన ప్రశ్న. పాఠ్యపుస్తకమున నిచ్చెన మాత్రమే చూచిన బాలునకు, క్రిందిమెట్లు నశించుట సహజముగ దోచును. పైమెట్టు చేరినపిదప క్రిందిమెట్లతో బని యేమి?

నిచ్చెనకు గడప మండలపు రాళ్లే యొక జవాబు. వేంపల్లె ప్రాంతమున బయలుపడు సున్నపురాతిపొరలలో, కోసిన యుల్లిగడ్డవలె వలయములు వలయములుగా నెదిగిన శిలారూపములు గలవు. నీటిలో బెరిగిన సూక్ష్మజీవుల చాపలు మన్నును సున్నమును బట్టి పొరపొరగా గట్టిన దిబ్బలవి. వయసు 180 కోట్ల సంవత్సరములకు బైమాట. అట్టి జీవులు నశింపలేదు. ఆస్ట్రేలియా పడమటితీరమున షార్క్ బేలో నేడును అట్టి దిబ్బలు కట్టుచున్నవి. నిచ్చెనకారుల లెక్కలో నిది యట్టడుగు మెట్టు. కాని అది మనము వచ్చినంత కాలము వచ్చినది, మనము మారినంత కాలము మారినది. మనము పీల్చు ప్రాణవాయువును గాలిలో మొదట నింపినది దాని వంశమువారే. ఎక్కువతక్కువల మాట యిచటికెట్లు వచ్చినదో వ్రాసినవారే చెప్పవలయును.

మేమీ మాటనింత పట్టుదలతో జెప్పుటకు గారణము గలదు. జంతువులపై దప్పిన కొలబద్ద తరువాత మనుష్యులపై వ్రాలినది. పందొమ్మిదవ శతాబ్ది చివర రిజ్లీ దొర ముక్కు వెడల్పును గొలిచి, ముక్కు సన్నగిలినకొలది కులము హెచ్చునని సిద్ధాంతము చేసెను. మదరాసు ప్రభుత్వ ప్రదర్శనశాల యధ్యక్షుడగు థర్స్టను దొర యదే కొలకొయ్యతో దక్షిణదేశమంతయు దిరిగి, రంగాచారిగారి సాయమున 1909లో ‘దక్షిణహిందూదేశపు కులములు, తెగలు’ అను నేడు సంపుటములను వెలువరించెను. నల్లమల చెంచులును అందులో నొక ప్రకరణమైరి. ఆచారములు, పాటలు, వివాహవిధులు వ్రాసిన పుటలకు విలువ గలదు. మరియెవ్వరును వ్రాసి యుంచనివి యందు బెక్కు గలవు. ముక్కుల పట్టికలకు మాత్రము చీమలుతిను జంతువుల ‘దంతహీన’ వర్గమునకున్నంత విలువయే గలదు. ముక్కు గాలివేడికి, చలికి లోబడి మారు నవయవము. ఒక యవయవపు పోలికచే వంశమును నిర్ణయించుట, ఆ వంశమునకు మెట్టు నిర్ణయించుట యను రెండు తప్పులు నందొక్కటిగ నల్లుకొన్నవి. 1972లో లెవొంటిన్ పండితుడు లెక్కించి చూపినదేమనగా, మనుష్యుల జన్యుభేదములలో నూటికి సుమారు 85 వంతులు ఒక్కొక్క సమూహము లోపలనే యున్నవి. ఒకే వాడలోని యిద్దరి నడుమ నున్న భేదము దూరపు రెండు సమూహముల సగటుల నడుమ నున్న భేదము కంటె సామాన్యముగ హెచ్చు.

పుట్టుకను బట్టి మొత్తము సమూహములను నేరస్థులుగా వ్రాసిన 1871 నాటి చట్టము 1952లో రద్దయినది. థర్స్టను సంపుటములు మాత్రము పునర్ముద్రణములు పొందుచు గ్రంథాలయములలో బెంచుకొనబడుచున్నవి, పెండ్లిసంబంధముల మాటలలోను ‘మా వారు ఫలానా జాతివారని యింగ్లీషు గ్రంథమున నున్నది’ అని యెత్తి చెప్పుటయు విన్నాము. ఆ వాక్యమును జెప్పినవారిని, ఏ పుటలో, ఏ కొలతను బట్టి యని యడిగి చూడుడు.